1933 జర్మనీ: ఉండాలా, వెళ్లిపోవాలా?

1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లో పార్లమెంటు భవనం తగలబడింది. హిట్లర్ ప్రభుత్వం ఆ నేరాన్ని కమ్యూనిస్టుల మీద మోపి అరెస్టులు మొదలుపెట్టింది. వాళ్ల ముందు రెండే దారులు మిగిలాయి.

ఉండిపోవడం: పార్టీ నాయకుడు థేల్మన్ బెర్లిన్‌లోనే ఉన్నాడు. మార్చి 3న అరెస్టు. పదకొండేళ్ల ఒంటరి చెర. 1944లో బూహెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు.

వెళ్లిపోవడం: పత్రికలు నడిపిన ఎంపీ విల్లీ మ్యూంజెన్‌బెర్గ్ పారిస్ చేరాడు. ఇల్లూ పత్రికలూ పోయాయి, పని మాత్రం ఆగలేదు. ఆ ఏడాదే నాజీల అఘాయిత్యాలపై పుస్తకం అచ్చు వేయించాడు. తర్వాత స్టాలిన్‌తో విభేదించి పార్టీకీ దూరమయ్యాడు. 1940 అక్టోబరులో ఫ్రాన్స్ అడవిలో, చెట్టు కింద, మెడకు తాడుతో శవమై కనిపించాడు. ఆ తాడు ఎవరు బిగించారో ఇప్పటికీ తేలలేదు. నన్ను వదలని దృశ్యం అదే.

పోలీసులకు మొహం తెలియనివాడు, రహస్యంగా దాచే మనుషులున్నవాడు ఉండిపోవచ్చు. ఊరంతా గుర్తుపట్టేవాడికి, రాతే ఆయుధమైనవాడికి సరిహద్దు దాటడమే మేలు.