రెండేళ్ళు వాడిన చీర బెల్టు: ‘ఫ్రీ సైజు’ మాట నమ్మకండి

చీర మీద పెట్టుకునే మగ్గం వర్కు బెల్టు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి సైజు సంగతి ఒక్కటే రాస్తున్నాను. ఆ ‘ఫ్రీ సైజు’ అనే మాట మీద నాకింకా కోపం పోలేదు.

మొదటి బెల్టు బెజవాడ వన్‌టౌన్‌లో ఒక షాపులో కొన్నాను. "28 నుంచి 36 దాకా ఎవరికైనా సరిపోద్దమ్మా" అన్నాడు షాపతను. నా నడుము 32 అంగుళాలు, ఇంకేం అనుకున్నాను. గుంటూరులో మేనకోడలి పెళ్ళికి, అమ్మ ఇచ్చిన ధర్మవరం పట్టుచీర మీద పెట్టుకున్నాను. నిలబడి ఉన్నంతసేపూ బాగుంది. బంతిలో కూర్చుని సగం తిన్నానో లేదో, వెనక హుక్కు పటుక్కున ఊడిపోయింది. ఊడితే ఊడింది, దాని కొక్కెం వంగి చీర జరీలో దిగింది. తీయబోతే జానెడు పోగు లేచొచ్చింది. వదిన పిన్నీసు పెట్టి, పమిట కప్పి సర్దింది. తర్వాత డార్నింగ్ చేయించాను గానీ ఆ గీత పోలేదు. అమ్మ చీర అది.

పొరపాటు ఎక్కడ జరిగిందో రెండో బెల్టు కుట్టించేటప్పుడు తెలిసింది. సత్యనారాయణపురంలో నాకు జాకెట్లు కుట్టే అక్క "చీర కట్టుకునే రా" అంది. నేను చెప్పే 32 లంగా మీద, నిలబడి తీసిన కొలత. పట్టుచీర కుచ్చిళ్ళు దోపాక అక్కడే 34 వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి మళ్ళీ టేపు పెడితే 35న్నర! షాపు బెల్టుకి ఎలాస్టిక్ దాదాపు చివరిదాకా సాగిపోయి, లాగుడంతా హుక్కు మీద పడింది. అక్క కూర్చున్న కొలతకే కుట్టి, వెనక మూడంగుళాల ఎలాస్టిక్ వేసి, అంగుళం ఎడంగా రెండు వరసలు హుక్కులు పెట్టింది. నిలబడితే లోపలి వరస, భోజనానికి బయటి వరస.

ఆ రెండో వరస ఎంత సుఖమో చెప్పలేను. వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దుటి నుంచి పీట మీద కూర్చుంటూ, లేస్తూ, వాయనాలు ఇస్తూ సాయంత్రం దాకా ఉన్నాను. బెల్టు ఉన్న సంగతే గుర్తు రాలేదు.

అయితే ఇది పట్టుచీర కొలత. జార్జెట్ మీద లోపలి వరస పెట్టినా తుంటి మీదకి జారుతోంది. బిగువు కోసం లోపల వేసిన బకరం గుడ్డ కూడా చెమటకి మెత్తబడింది, ఉతకడానికి లేదు. అందుకని మే నెల పెళ్ళిళ్ళకి పెట్టుకోవడం మానేశాను. మన బెజవాడ ఎండలో కష్టమే.

మా అమ్మాయి ఫ్రాకుల మీదకి తోలు బెల్టు కొనేటప్పుడు మాత్రం కొలిచే పద్ధతి వేరు. బకిల్ దగ్గర నుంచి మధ్య చిల్లు దాకా ఎంతుందో చూస్తాను. ఫ్రాకు వేసుకున్నాక బెల్టు కూర్చునే చోట కొలిస్తే అంతే రావాలి.

నాది ఐదడుగుల ఎత్తు, ఒకటిన్నర అంగుళం వెడల్పే నప్పింది. పొడుగ్గా ఉండే మా ఆడపడుచుకి మూడంగుళాలదైనా బాగుంది. రెండు కాన్పులయ్యాక నా నడుము ఏడాదికోలా ఉంటోంది కాబట్టి నాకు ఆ రెండు వరసలు తప్పనిసరి. కొలత మారనివాళ్ళకి ఒక్క వరసా చాలేమో. ఇప్పుడు నా బెల్టు ఎలాస్టిక్ వదులైంది. వచ్చే వారం మార్పించడానికి అక్క దగ్గరికి మళ్ళీ ఆ ధర్మవరం చీరే కట్టుకుని వెళ్తాను.