ఒక్కచోట నిలబడి పాడటమా, పొరలు పొరలుగా పేర్చటమా: రాక్ హార్మొనీకి ఏది మేలు?

1970ల నాటి రాక్ బృందాల గురించి మాట మొదలైతే చర్చ గిటార్ల మీదికి, డ్రమ్స్ మీదికి పోతుంది కానీ గొంతుల దాకా రావటం అరుదు. నిజానికి ఆ పాటల్లో చాలావాటిని ఇప్పటికీ నిలబెడుతున్నది, ముగ్గురో నలుగురో వేరువేరు స్వరాల మీద ఒకేసారి ఒకే మాటను పలికే హార్మొనీయే. మన బృందగానంలో సాధారణంగా అందరూ ఒకే స్వరాన్ని అందుకుంటారు. హార్మొనీలో ఒకరు షడ్జమం మీద నిలిస్తే మరొకరు గాంధారం మీద, ఇంకొకరు పంచమం మీద నిలుస్తారు. దీన్ని రికార్డులోకి ఎక్కించటానికి ఆ తరం బృందాలు ముఖ్యంగా రెండు దారులు పట్టాయి. ఒకటి గొంతులను టేపు మీద ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోవటం, రెండోది అందరూ ఒక్కచోట నిలబడి ఒక్కసారిగా పాడటం.

పేర్చటంలో క్వీన్ బృందాన్ని మించినవారు నాకు కనిపించరు. 1975లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ మధ్యభాగంలో ఒక పెద్ద ఒపేరా బృందమే పాడుతున్నట్టు వినిపిస్తుంది. పాడినవారు మాత్రం ఫ్రెడ్డీ మెర్క్యురీ, బ్రయన్ మే, రోజర్ టేలర్ ముగ్గురే. అప్పటి టేపులో ఉన్నవి 24 ట్రాకులు, అంటే ధ్వనిని విడివిడిగా నింపుకునే వరుసలు. అవి నిండగానే అన్నిటినీ కలిపి ఒకటి రెండు ట్రాకులలోకి దించి, ఖాళీ అయినచోట మళ్లీ పాడేవారు. రోజుకు పది పన్నెండు గంటల చొప్పున ఆ ఒక్క భాగానికే సుమారు మూడు వారాలు పట్టిందని, పొరలు దాదాపు 180కి చేరాయని, టేపు అరిగిపోయి అవతలి వెలుగు కనిపించే స్థితికి వచ్చిందని వారే చెప్పారు. టేలర్ గొంతు తారస్థాయిలో సూదిలా దూసుకుపోతుంది, మే గొంతు కింద మెత్తగా పరుచుకుంటుంది, మెర్క్యురీ గొంతు నడుమ స్పష్టంగా నిలుస్తుంది. ఈ మూడు రంగులూ అన్ని పొరల్లోనూ కలిసి ఉండటం వల్లనే ఆ ధ్వనికి అంత నిండుదనం వచ్చింది.

రెండో దారికి ఈగిల్స్ బృందం 1980 జూలైలో అమెరికాలోని శాంటా మోనికాలో కచేరీ చేస్తూ పాడిన ‘సెవెన్ బ్రిడ్జెస్ రోడ్’ను చూపుతాను. స్టీవ్ యంగ్ రాసిన ఆ పాటను వారు ఎన్నో ఏళ్లుగా, వేదిక ఎక్కే ముందు గొంతులు సవరించుకోవటానికి పాడుకునేవారు. అందుకు ప్రతిధ్వని బాగా పలికే స్నానాల గదులను ఎంచుకునేవారు. పాట మొదట్లో వాద్యమేదీ లేదు, ఐదు గొంతులే. ఆ మొదటి వాక్యంలో అందరూ ఊపిరి తీసుకున్న చోటు ఒక్కటే, మాట చివరి హల్లును విడిచిన క్షణమూ ఒక్కటే. ఇలాంటిది కాగితం మీద స్వరాలు రాసి ఇస్తే వచ్చేది కాదు, కలిసి పాడగా పాడగా అబ్బేది.

ఈ రెండింటికీ అసలు తేడా వినటంలో ఉందని నా అభిప్రాయం. పియానో మీది గాంధారం, సహజంగా షడ్జమంతో కలిసిపోయే గాంధారం కంటే కొద్దిగా ఎక్కువ. అర్ధస్వరాన్ని, అంటే పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని, వంద భాగాలు చేస్తే ఆ తేడా సుమారు 14 భాగాలు. బాగా శ్రుతి చేసిన తంబూరాలో ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం తెలిసిన మన శ్రోతలకు ఇది కొత్త సంగతి కాదు. ఒక్కచోట నిలబడి పాడేవారు, ముఖ్యంగా వాద్యం లేనప్పుడు, ఒకరి గొంతును ఒకరు వింటూ తమకు తెలియకుండానే ఆ సహజ స్థానానికి జారుకుంటారు. మధ్య స్వరం పాడేవాడు కాస్త దిగితే పైనున్నవాడు తన స్వరాన్ని సర్దుకుంటాడు. పేర్చే పద్ధతిలో ఈ సర్దుబాటు ఒకవైపే జరుగుతుంది. తర్వాత పాడే గొంతు ముందు పాడిన గొంతును వినగలదు కానీ, ముందటి గొంతు తర్వాతి దాన్ని వినలేదు. టేపు మీద అది అప్పటికే గడ్డకట్టింది.

వేదిక మీద ఈ తేడా మరింత బయటపడుతుంది. క్వీన్ తన కచేరీల్లో ఆ ఒపేరా భాగం రాగానే వేదిక దిగిపోయి టేపు వినిపించేది. 1985 జూలై 13న లైవ్ ఎయిడ్ అనే సహాయార్థ కచేరీలో మొదటి నెమ్మది భాగం వరకే పాడి వేరే పాటలోకి వెళ్లిపోయింది. అందులో తప్పేమీ లేదు, ముగ్గురు మనుషులు అన్ని గొంతులు కాలేరు. అయితే హార్మొనీ అంటే మనుషులు కలిసి చేసే పని అనుకునే నాలాంటివారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఈగిల్స్ విషయంలో కూడా ఒక నిజం చెప్పుకోవాలి. ఆ కచేరీ పాటలతో ఆల్బం తయారయ్యేనాటికి బృందం విచ్ఛిన్నమైంది. బృందంలోని డాన్ హెన్లీ, గ్లెన్ ఫ్రై ఒకరి ముఖం ఒకరు చూడటానికి ఇష్టపడక, దేశానికి ఈ తీరాన ఒకరు, ఆ తీరాన ఒకరు ఉండి పనిచేశారు. ఆల్బంలో హార్మొనీలకు చేసిన మరమ్మతులు కొరియర్‌లో అటూ ఇటూ ప్రయాణించాయి. అంటే కలిసి పాడటంలో దిట్టలనిపించుకున్నవారికి కూడా చివరికి టేపు సాయం అవసరమైంది. కాబట్టి కచేరీ రికార్డు అన్న ముద్ర చూసి అందులో వినిపించేదంతా ఒక్క రాత్రి పాడిందేనని నమ్మనక్కరలేదు.

ఏది మేలు అని నన్నడిగితే, కలిసి పాడటమే ముందు, పేర్చటం ఆ తర్వాత అంటాను. బీటిల్స్ బృందంవారు 1969 ఆగస్టులో ‘బికాజ్’ పాటను సరిగ్గా ఇలాగే చేశారు. లెనన్, మెకార్ట్‌నీ, హారిసన్ ముగ్గురూ కలిసి మూడు స్వరాలనూ ఒకేసారి పాడి, అదే పనిని మరో రెండుసార్లు చేసి, మొత్తం తొమ్మిది గొంతులుగా పేర్చారు. ప్రతి పొరలోనూ ముగ్గురూ ఒకరినొకరు విన్నారు గనుక నిండుదనం కోసం సర్దుబాటును వదులుకోవలసిన అవసరం రాలేదు. వాద్యాలు తీసేసి గొంతులను మాత్రమే ఉంచిన రూపం 1996లో ‘యాంథాలజీ 3’ ఆల్బంలో వచ్చింది. కొత్తగా బృందం కట్టుకుని హార్మొనీ నేర్చుకుంటున్నవారు క్వీన్ జోలికి పోయే ముందు దాన్ని హెడ్‌ఫోన్లతో వినాలి, మధ్య స్వరాన్ని ఒక్కదాన్నే చెవితో పట్టుకుని చివరిదాకా వెంట నడవాలి. ఆ తర్వాత మైకులు లేకుండా, ముగ్గురూ దగ్గరగా నిలబడి, ఒక్క వాక్యం పాడి చూడాలి.