తివాచీ ఉతికించాలంటే ఏది మేలు: ఇంటికొచ్చే మిషనా, డ్రై క్లీనింగా, చేతి ఉతుకా?

సోఫా క్లీనింగ్‌కి వచ్చిన కుర్రాళ్లు హాల్లో తివాచీ చూసి "ఇది కూడా చేసేయమంటారా అండీ?" అని అడగడం బెజవాడ అపార్ట్‌మెంట్లలో మామూలే. డబ్బు తక్కువ, పని కాసేపట్లో అయిపోతుంది. సరే అనే ముందు ఒక్కసారి తివాచీ మూల ఎత్తి వెనకవైపు చూడండి.

ముందున్న డిజైనే వెనక కూడా చిన్న చిన్న ముడులుగా కనిపిస్తే, అది చేత్తో ముడివేసి నేసిన తివాచీ. కశ్మీర్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని భదోహిలో, మన ఏలూరులో నేసే ముడి తివాచీలు ఇలాగే ఉంటాయి. వాటి కొసన వేలాడే కుచ్చులు అందానికి కుట్టినవి కావు, నేతలోని పడుగు (నిలువు) దారాల చివర్లే. అలా కాకుండా వెనకంతా గుడ్డ అతికించి ఉంటే అది టఫ్టెడ్ రకం. గుడ్డలోకి గన్‌తో ఉన్ని గుచ్చి, వెనక లేటెక్స్ జిగురు పూసి, ఇంకో గుడ్డ వేస్తారు. దీన్నీ "హ్యాండ్‌మేడ్" అనే అమ్ముతారు. అది అబద్ధం కాదు కానీ, ఇందులో ముడి ఉండదు. ఇంటికొచ్చే మిషన్ ఈ రకానికీ, ఫ్యాక్టరీ కార్పెట్లకీ సరిపోతుంది. నీళ్లు మరీ ఎక్కువ వాడొద్దని చెబితే చాలు. ఎక్కువ తడిస్తే జిగురు వదులుతుంది.

ముడి తివాచీకి మాత్రం ఆ మిషన్ వద్దని గట్టిగా చెబుతాను. షాంపూ కొట్టి, బ్రష్ తిప్పి, వ్యాక్యూమ్‌తో లాగేస్తారు. పైన తళతళలాడుతుంది. కానీ ముడుల అడుగున చేరిన ఇసుక అక్కడే ఉంటుంది. మనం నడిచినప్పుడల్లా ఆ ఇసుకే ఉన్నిని మొదలు దగ్గర కోస్తుంది. షాంపూ మిగిలిపోతే జిడ్డుగా మారి కొత్త దుమ్మును పట్టుకుంటుంది. వీటన్నిటికంటే పెద్ద సమస్య తేమ. లోపలి పడుగూ, పేకా (అడ్డ దారాలు) చాలావాటిలో నూలు దారం. పైన ఉన్ని ఆరినట్టే ఉంటుంది, అడుగున నూలు తడిగానే ఉంటుంది. వానాకాలంలో కృష్ణ ఒడ్డున గాలిలోనే తడి. అప్పుడు టైల్స్ మీద అలాగే పరిచేస్తే కొన్నాళ్లకు ఆ నూలు కుళ్లుతుంది. కుళ్లిన తివాచీని మడిస్తే దారాలు పటపటమని తెగిన చప్పుడు వస్తుంది. ఆ స్థితికి వచ్చాక ఎంత మంచి పనివాడైనా పూర్తిగా బాగుచేయలేడు.

డ్రై క్లీనింగ్ షాపు సంగతి వేరు. నీళ్ల బదులు ద్రావకం వాడతారు కాబట్టి, నీళ్లకు రంగు దిగే తివాచీకి అది దారి. నూనె మరకలకూ మంచిదే. కానీ చెమట, ఒలికిన జ్యూస్, పిల్లల ఉచ్చ లాంటివి నీళ్లతోనే పోతాయి. పదేపదే చేయిస్తే ఉన్నిలోని సహజమైన నూనె పోయి పెళుసెక్కుతుంది. డ్రమ్ములో వేసి తిప్పుతారేమో ముందే అడగండి. బరువైన తివాచీకి అది అసలు పనికిరాదు.

చేతి ఉతుకు ఎక్కడ మేలంటే, మొదటి అడుగులోనే. తివాచీని బోర్లా వేసి వెనకనుంచి తట్టి, ముందు పొడి ఇసుక రాల్చేస్తారు. ఆ తర్వాతే నీళ్లు. ఉన్ని నీళ్లకు భయపడేది కాదు. వేడినీళ్లకూ, క్షారానికీ, బ్లీచింగ్‌కూ భయపడుతుంది. అందుకే చన్నీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తటి బ్రష్. బ్రష్ కూడా నూగు (పైకి లేచి ఉండే ఉన్ని) వాలిన వైపే. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, పిండి, రెండువైపులా గాలి తగిలేలా నీడలో ఆరబెడతారు. రోజులు పడుతుంది, మిషన్‌కంటే ఖర్చూ ఎక్కువే. అయినా ముడి తివాచీకి నా ఓటు దీనికే. విజయవాడకు అరవై కిలోమీటర్లలో ఏలూరు ఉంది. మగ్గం మీద కూర్చున్న చేతులకు ఏ దారం ఎటు లాగాలో తెలుస్తుంది. తెలిసినవాళ్ల ద్వారా అక్కడ అలాంటి నేతగాణ్ణి వెతకడం శ్రమే కానీ, తగిన శ్రమ.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి బురదలో, మురుగులో తడిసిన తివాచీ విషయంలో ఏది మేలన్న ప్రశ్నే లేదు. పూర్తిగా నీళ్లలో ఉతకాల్సిందే. వెంటనే ఎవరూ దొరక్కపోతే మంచినీళ్లతో బురద కడిగేసి, రెండు మంచాల మీద అడ్డంగా పరిచి, కింద ఫ్యాన్ పెట్టండి. తీగ మీద వేలాడదీయొద్దు. తడి బరువుకు అది మధ్యలో సాగిపోతుంది. చుట్టి మాత్రం అసలు పెట్టొద్దు.

ఇక రిపేరు. అంచు విప్పుకున్నా, కుచ్చులు ఊడినా ఉతికించే ముందే కుట్టించాలి, లేకపోతే ఉతుకులో ముడులు ఇంకా జారిపోతాయి. టైలర్ దగ్గర మిషన్ కుట్టు వేయిస్తే పని త్వరగా అవుతుంది కానీ, సూది పడుగు దారాలనే పొడుస్తుంది, తర్వాత సరిచేసేవాడు ముందు ఆ కుట్టంతా విప్పాలి. చేత్తో అంచు కట్టించడమే మేలు. రంధ్రం పడితే లెక్క మారుతుంది. మళ్లీ పడుగు, పేక దారాలు ఎక్కించి, రంగు కలిసే ఉన్నితో ఒక్కో ముడీ వేయడం చాలా ఖరీదైన పని. తాతల నాటిదో, పట్టుదో అయితే చేయించండి. మామూలు తివాచీకి ఆ రంధ్రం పెద్దది కాకుండా చుట్టూ రఫూ చేయిస్తే సరిపోతుంది. పురుగు తిన్న రంధ్రమైతే ముందు పురుగు పోవాలి. సోఫా కింద వెలుతురు తగలని చోటే అది గుడ్లు పెడుతుంది. అక్కడ రెండువైపులా వ్యాక్యూమ్ చేయాలి.

మెరిసేదంతా పట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. ఆర్ట్ సిల్క్ పేరుతో అమ్మేది చాలావరకు విస్కోస్. తడిస్తే దాని బలం తగ్గుతుంది, ఆరాక గట్టిపడి పసుపురంగుకు తిరుగుతుంది. దాన్నీ, అసలు పట్టునూ చేయి తిరిగినవాడికే ఇవ్వాలి.

ఎవరికిచ్చినా ముందు రెండువైపులా ఫోటోలు తీసి, కొలతలు రాసుకోండి. తెల్ల నూలుగుడ్డ తడిపి ఎరుపు, నీలం ఉన్నచోట కాసేపు అదిమి చూపమనండి. గుడ్డకు రంగు అంటితే నీళ్ల ఉతుకు వద్దు. ఆ పరీక్ష మీ ఎదుట చేయనన్నవాడికి తివాచీ ఇవ్వకండి.