మంచం దిగితే మోగే సెన్సర్ మ్యాట్: చూసుకునేవారి నిద్రకు ఎంత ఆసరా?

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారు రాత్రి ఎప్పుడు లేచి నడుస్తారోనన్న బెంగతో చూసుకునేవారికి కంటిమీద కునుకుండదు. నిద్ర కరువైతే విసుగు, ఆ వెంటే తప్పు చేశామన్న బాధ పెరుగుతాయి. పరుపు మీద పరిచి, ఒంటి బరువు తొలగగానే మోగే ఈ మ్యాట్ ఆ బెంగను నిజంగానే తగ్గిస్తుంది, సరిగ్గా అమర్చితేనే.

నడుము కింద వేస్తే మోగేసరికి మనిషి నిలబడిపోతారు. భుజాల కింద, పక్కదుప్పటి అడుగున పరిస్తే లేచి కూర్చోగానే తెలుస్తుంది. పక్కకు ఒత్తిగిలినా మోగుతుంటే 2 సెకన్ల ఆలస్యం పెట్టండి. ఉత్తుత్తి మోతలు ఎక్కువైతే అసలు మోతనూ పట్టించుకోం.

వైరున్న రకం వద్దు, కాలికి తగులుతుంది. గంట వారి గదిలోనే మోగితే బెదిరిపోతారు, పాపం. మోత వినిపించే రిసీవర్ మీ తలగడ దగ్గరుండాలి. బ్యాటరీ అయిపోతున్నా హెచ్చరించని మోడల్ మాత్రం అస్సలు కొనొద్దు.