జాగ్రత్త: అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కి స్పీడ్ బ్రేకర్లు వేయించుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో "పార్కింగ్ సేఫ్టీ మొత్తం మేమే చేసిపెడతాం" అంటూ ఫొటోలు పెట్టే ఆయన మీకూ తెలిసే ఉంటాడు. పేరు రాయను, ఎవరో మీకే అర్థమవుతుంది. ఆయనకి మా అసోసియేషన్ 62,000 రూపాయలు కట్టింది. ఇవాళ ఆ స్పీడ్ బ్రేకర్లలో సగం ఊడిపోయి బేస్‌మెంట్ గోడ పక్కన కుప్పగా పడి ఉన్నాయి, మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి చేతికి పిండికట్టుతో ఇంట్లో కూర్చుంది. ఒళ్లు మండిపోతోంది.

మాది రెండు బేస్‌మెంట్ల బిల్డింగ్. ర్యాంప్ దిగగానే మలుపు, ఆ మలుపు దాటగానే లిఫ్ట్ తలుపు. పిల్లలు సైకిళ్లు తొక్కేదీ అక్కడే. "మెల్లగా వెళ్లండి" అని బోర్డు పెడితే ఎవరూ పట్టించుకోలేదు, అందుకే మీటింగ్‌లో స్పీడ్ బ్రేకర్లు, వీల్ స్టాపర్లు (పార్క్ చేసేటప్పుడు కారు చక్రాన్ని ఆపే దిమ్మలు), మలుపులో ఒక గుండ్రటి అద్దం వేయించాలని అనుకున్నాం. ఈయనది చిత్తూరు వైపు, మాట్లాడితే "అన్నా, అన్నా" అనేవాడు. శాంపిల్ అని ఒక ముక్క తెచ్చి మా ట్రెజరర్ బాబాయి గారి టేబుల్ మీద పెట్టాడు. గట్టి రబ్బరు, రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు, 75 మిల్లీమీటర్ల ఎత్తు, అడుగు భాగం కూడా నిండుగా ఉంది, నాలుగు బోల్టులకి నాలుగు రంధ్రాలు. "ఇదే వస్తుంది అన్నా, ఐఆర్‌సీ అప్రూవ్డ్" అన్నాడు, అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒప్పుకున్నదని. సగం అడ్వాన్స్, పనయ్యాక మిగతాది అని ఒప్పందం.

అందరం ఆఫీసుల్లో ఉండగా ఆయన మనుషులు వచ్చి బిగించి వెళ్లిపోయారు. సాయంత్రం చూస్తే పసుపు, నలుపు చారలతో బాగానే కనిపించాయి, మిగతా డబ్బు కూడా ఇచ్చేశాం.

వానలు మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. ఆ అమ్మాయి ఆఫీసు నుంచి స్కూటీ మీద వచ్చి, ర్యాంప్ దిగి మలుపు తిరుగుతోంది, చక్రాలు తడిగా ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ సరిగ్గా మలుపులోనే ఉంది. దాన్ని బండి నిటారుగా ఉన్నప్పుడు దాటాలి. మలుపులో బండి పక్కకి వాలి ఉంటుంది, అప్పుడు చక్రం తడి ప్లాస్టిక్ ఎక్కితే ఏమవుతుందో బండి నడిపేవాళ్లు ఎవరికైనా తెలుసు. ముందు చక్రం జారింది, దాంతోపాటు ముక్క కూడా కదిలింది. మణికట్టు ఎముక చిట్లిందని డాక్టర్ చెప్పారు.

ఆ రాత్రే వాచ్‌మన్‌తో కలిసి ఆ ముక్కని తిరగేశాం. కింద అంతా డొల్ల, అడ్డంగా నాలుగు ప్లాస్టిక్ పక్కటెముకలు, అంతే. పసుపు రంగు పైన పూసిన పెయింట్, గోటితో గీరితే లేచొచ్చింది. నాలుగు రంధ్రాల్లో రెండింటికే స్క్రూలు వేశారు, మిగతా రెండింట్లో నల్ల మూతలు పెట్టి మూసేశారు. ఆ స్క్రూలు కూడా ఇంట్లో ఫొటో ఫ్రేములు తగిలించుకోవడానికి వాడే ప్లాస్టిక్ ప్లగ్గుల్లో బిగించినవి. కార్లు తిరిగే కాంక్రీట్ నేలకి కావాల్సింది ఇనుప యాంకర్ బోల్టు. బిగించేకొద్దీ లోపల విచ్చుకుని కాంక్రీట్‌ని పట్టుకునేది అదే. కారు దాటిన ప్రతిసారీ చక్రం ఆ ముక్కని ముందుకి తోస్తుంది, దాని మీద బ్రేక్ వేస్తే ఇంకా గట్టిగా తోస్తుంది. ప్లాస్టిక్ ప్లగ్గు దానికి ఎన్నాళ్లు ఆగుతుంది?

మర్నాడు అసోసియేషన్ గదిలో స్పీకర్ పెట్టి ఫోన్ చేశాం. అక్కడ జరిగింది మాత్రం నేను మర్చిపోలేను.

బాబాయి గారు రిటైరైన మనిషి, ఎవరినీ ఒక్క మాట అనరు. ఆయనే మాట్లాడారు. "బాబూ, మీరు చూపించింది రబ్బరు, వేసింది ప్లాస్టిక్, ఒక అమ్మాయి పడిపోయింది, ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "బిల్లులో రబ్బరు అని ఎక్కడుందో చూపించండి సార్" అన్నాడు. బిల్లు తీశాం. "స్పీడ్ బ్రేకర్ సెట్ విత్ ఫిట్టింగ్" అని మాత్రమే ఉంది. బాబాయి గారు అయినా ఊరుకోలేదు, "సరే, అమ్మాయి చెయ్యి విరిగింది కదా నాయనా" అన్నారు. "చూసుకుని నడపమనండి. మీ జనం స్పీడుగా వచ్చి పడితే నాకేం సంబంధం?" అన్నాడు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న అక్కడే కూర్చుని ఉన్నారు, అంతా విన్నారు. జనం స్పీడుగా వస్తున్నారనే కదా నిన్ను పిలిచింది, ఆ స్పీడు తగ్గించడానికే కదా నువ్వు డబ్బు తీసుకున్నది అని నేను అంటుండగానే ఫోన్ పెట్టేశాడు. అప్పటి నుంచి మా ఎవరి నంబర్ నుంచి చేసినా కలవడం లేదు. గ్రూపుల్లో మాత్రం నిన్న కూడా కొత్త ఫొటోలు పెట్టాడు, అదే శాంపిల్ ముక్కతో.

ఐఆర్‌సీ సంగతి కూడా తర్వాత చూశాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ఐఆర్‌సీ 99లో చెప్పింది రోడ్డు మీద కట్టే గుండ్రటి హంప్ గురించి. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. మన బేస్‌మెంట్‌లో స్క్రూలతో బిగించే అడుగు వెడల్పు పట్టీకి ఆ కొలతలతో పనే లేదు. ఎవరైనా ఆ పేరు చెబితే ఏ కాగితం చూసి అంటున్నారో అడగండి.

మిగతా పని కూడా ఇలాగే ఉంది. వీల్ స్టాపర్లు గోడకి మరీ దగ్గరగా బిగించారు, రివర్స్‌లో పెడితే చక్రం స్టాపర్‌కి తగిలేలోపే డిక్కీ గోడకి గుద్దుకుంటోంది. కారు వెనక చక్రం నుంచి బంపర్ చివరి దాకా కొలిచి, ఇంకొంచెం వదిలి బిగించాల్సింది. సెడాన్లకి ఆ దూరం ఎక్కువే ఉంటుంది. గేటు దగ్గర పోడియం (బేస్‌మెంట్‌కి పైకప్పులా ఉండే స్లాబ్) మీద డ్రిల్ చేసినచోట వాటర్‌ప్రూఫింగ్‌కి చిల్లు పడింది, ఇప్పుడు కింద ఉన్న కార్ల మీద సున్నపు నీళ్లు కారుతున్నాయి, ఆ మరకలు పెయింట్‌ని వదలడం లేదు. మీది పీటీ (పోస్ట్ టెన్షన్డ్) స్లాబ్ అయితే ఇంకా ప్రమాదం. లోపల బిగువుగా లాగి ఉంచిన ఉక్కు కేబుల్స్ ఉంటాయి, డ్రాయింగ్ చూడకుండా ఎవరినీ డ్రిల్ పెట్టనివ్వద్దు.

కొనేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. ఏ మెటీరియల్, ఒక్కో ముక్క బరువెంత, ఎత్తెంత, ఏ బోల్టు, ముక్కకి ఎన్ని బోల్టులు, ఇవన్నీ బిల్లులోనే రాయించండి. శాంపిల్ ముక్కని పనయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. బిగించేటప్పుడు మీలో ఒకరు సెలవు పెట్టయినా అక్కడ ఉండండి, ఒక ముక్క తిరగేసి చూడండి. స్పీడ్ బ్రేకర్ మలుపులో కాదు, మలుపుకి ముందు తిన్నగా ఉన్నచోట వేయించండి, కాలువ పక్కన నీళ్లు పోయేందుకు ఖాళీ వదలమనండి. వానలో నాలుగు రోజులు చూశాకే చివరి డబ్బు ఇవ్వండి.

మేం నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాం. అక్కడ తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తాం, 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు. శాంపిల్ చూపించినప్పుడు తీసిన ఫొటో, ఆయన వాట్సాప్‌లో "సేమ్ క్వాలిటీ అన్నా" అని పెట్టిన మెసేజ్ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆయన దగ్గర చేయించుకున్న అపార్ట్‌మెంట్లవాళ్లు ఎవరైనా ఉంటే మీ స్పీడ్ బ్రేకర్ కింద ఏముందో ఇవాళే చూసి, ఫొటో తీసి నాకు మెసేజ్ పెట్టండి, కలిసి కేసు వేద్దాం.