బావను మందు మాన్పించడానికి బెంగళూరు వెళ్లొచ్చాం

అనంతపురంలో తెల్లవారుజామున బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగాం. మనిషికి 390 టికెట్. దారిలో చెప్పుకోవడానికేం లేదు, బావ ఎవరితోనూ మాట్లాడలేదు, అంతే.

అసలు కథ ఊరి చివర ఉన్న 'డీ అడిక్షన్ సెంటర్'ది. ఫోన్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడారు. మూడు నెలలకు 54 వేలు, అడ్వాన్స్ 15 వేలు. డబ్బు కట్టాకే లోపలికి రానిచ్చారు. ఇనుప గేటు, దానికి రెండు తాళాలు. ఒకే హాల్లో వరసగా చాపలు. డాక్టర్ ఎక్కడని అడిగితే "వారానికోసారి వస్తారు మేడమ్" అన్నాడు మేనేజరు. బావది రోజుకు మూడు క్వార్టర్ల అలవాటు. ముందురోజు మధ్యాహ్నం నుంచి చుక్క ముట్టలేదు. ఆయనకు టీ ఇస్తే గ్లాసు చేతిలో నిలవలేదు, సగం లుంగీ మీద పోయింది. "అందరికీ వణుకుతాయి, రెండ్రోజుల్లో అదే పోతుంది" అన్నాడు ఆ మహానుభావుడు. అక్క ఒక్క మాట మాట్లాడకుండా బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచింది. అడ్వాన్స్ మాత్రం 'నాన్ రిఫండబుల్' అట. రసీదు మీద చీమంత అక్షరాల్లో రాసి ఉంది.

అక్కణ్నుంచి ఆటోలో హోసూరు రోడ్డు మీది ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కి వెళ్లాం. 420 అడిగాడు, బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాం. అక్కడ ఎమర్జెన్సీ ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. కూర్చున్నది చాలాసేపే. కానీ ఆ కుర్ర డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "చివరిసారి ఎప్పుడు తాగారు?", రెండోది "ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా?". ఆ పదిహేను వేల గేటు దగ్గర ఈ రెండూ ఎవరూ అడగలేదు. ఏళ్ల తరబడి తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చని, ఆ తర్వాత కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయని, అది ప్రాణం మీదికి కూడా రావచ్చని ఆయన నిదానంగా చెప్పాడు. బి1 విటమిన్ ఇంజెక్షన్, వణుకు తగ్గడానికి మందులు మొదలుపెట్టి అడ్మిట్ చేసుకున్నారు.

తాగుడు మానిపిస్తుందని మా పక్కింటావిడ చెప్పిన, మనిషికి తెలియకుండా 'సాంబారులో కలిపే పొడి' గురించి అక్క అడిగింది. డాక్టరుకు నిజంగానే కోపమొచ్చింది. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మందు ఉంటే, దాని మీద తాగిన వాడికి వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, అన్నీ వస్తాయి. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు అది. దొంగచాటుగా పెట్టేది కాదు.

నేను దిగిన లాడ్జి రోజుకు 1,100. నల్లులు ఉచితం. దాని గురించి ఇంతకంటే రాయను.

బావకు ఆకలి తిరిగొచ్చిన రోజు బయటి మెస్ నుంచి రాగి ముద్ద, సొప్పు సారు (ఆకుకూర పులుసు) తెచ్చా, 70 రూపాయలు. రెండు ముద్దలూ తినేసి "మన సంగటంత బాగాలేదు" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన తిండికి వంక పెడితే అక్క సంతోషించడం అదే మొదటిసారి.

డిశ్చార్జి అయ్యాక, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి వెళ్లాం. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. టీ, బిస్కెట్లు వాళ్లే ఇచ్చారు. బావ తన పేరు చెప్పి కూర్చున్నాడు, ఇంకేం మాట్లాడలేదు. బయటికొచ్చాక "మళ్లీ ఎప్పుడంట?" అని మాత్రం అడిగాడు.

వెళ్లేవాళ్లు ముందు 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రైవేటు సెంటరైతే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ చూపించమనండి. రోగులకు గొలుసులు వేయడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం. నసిగితే లేచి వచ్చేయండి.

ఆ మేనేజరు ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. బెడ్ ఖాళీగా ఉందట, రెండో నెలకు డిస్కౌంట్ ఇస్తాడట.