డేటా తీస్తామని డిస్క్‌నే చెడగొట్టారు: రిపేర్‌కి ఇచ్చే ముందు చూసుకోండి

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ మార్చి, పాత డేటా తీసిస్తామన్న ఒక సర్వీస్ సెంటర్ నిర్వాకం ఇది. సగం ఫోటోలు పోగొట్టారు. పైగా కొత్తదని చెప్పి వాడేసిన డిస్క్ అంటగట్టారు.

నేను ఇచ్చేటప్పటికి డిస్క్ పూర్తిగా పోలేదు. ఫోల్డర్ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది, అప్పుడప్పుడు టిక్ టిక్ మనేది, అంతే. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ‘కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్’ సున్నా దాటింది. అంటే డిస్క్ సరిగ్గా చదవలేకపోతున్న సెక్టార్లు (డేటా దాచే చిన్న చిన్న గళ్లు) అప్పటికే ఉన్నాయి. అలాంటప్పుడు ముందు చేయాల్సింది, దాని మీద ఏమీ రాయకుండా మొత్తాన్ని వేరే డిస్క్‌లోకి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీయడం. డీడీరెస్క్యూ లాంటి టూల్ సులువుగా వచ్చే భాగాలు ముందు లాగేసి, మొండికేసిన సెక్టార్ల జోలికి చివర్లో వెళ్తుంది. ఫైళ్ల వెతుకులాటంతా ఆ కాపీ మీదే జరగాలి.

వీళ్లు నేరుగా అసలు డిస్క్ మీదే విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ అనే టూల్ నడిపారు. అది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికని, సరిచేస్తుంది, మన ఫైళ్లు ఏమైనా దానికి పట్టదు. అరిగిపోయిన డిస్క్‌ని గంటల తరబడి చదివిస్తుంది, మధ్యలో దాని మీదే మార్పులు రాస్తుంది. చివరికి నా చేతికొచ్చింది పేర్లు పోయి, ‘.సీహెచ్‌కే’ అని ముగిసే ముక్కల గుట్ట. ఇదేంటని అడిగితే, “డిస్క్ అలాంటిదండీ, మేమేం చేస్తాం?” అన్నారు. ఇంకా నయం, మూత విప్పలేదు! లోపల డేటా చదివే హెడ్‌కీ, డేటా ఉండే పళ్లెం లాంటి ప్లాటర్‌కీ మధ్య ఖాళీ నానోమీటర్లలో ఉంటుంది, దుమ్ము పడినా డిస్క్ పాడవచ్చు. మామూలు బల్ల మీద విప్పి చూస్తామనే వాళ్లకు మాత్రం అస్సలు ఇవ్వకండి.

ఇక ఆ ‘కొత్త’ డిస్క్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే ‘పవర్ ఆన్ అవర్స్’, అంటే అది ఇప్పటిదాకా నడిచిన గంటలు, వేలల్లో ఉంది. విండోస్ ఎక్కించి ఇచ్చారు కాబట్టి కొన్ని గంటలుంటే అర్థం చేసుకోవచ్చు. అలాగని అంకె తక్కువుంటే కొత్తదేనని నమ్మడానికీ లేదు, ఆ లెక్కని చెరిపేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. సీరియల్ నంబర్‌ని తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, కొత్తదానికి ఉండాల్సినంత వారంటీ ఇంకా మిగిలి ఉందో లేదో చూడండి.

పాత డిస్క్ ఇవ్వడానికి కూడా నసిగారు. గట్టిగా నిలదీశాకే ఇచ్చారు. ఇప్పుడు దానికి కరెంట్ తగలనివ్వడం లేదు, క్లీన్ రూమ్ (దుమ్ము లేకుండా ఉంచే గది) ఉన్న ల్యాబ్‌కి పంపాలి. మీరు ఎక్కడ ఇచ్చినా ముందు ఇమేజ్ తీస్తారా లేదా అని అడగండి. పాత డిస్క్ తిరిగి ఇస్తామనే మాట, వేయబోయే డిస్క్ సీరియల్ నంబర్ రెండూ రసీదు మీద రాయించుకున్నాకే ల్యాప్‌టాప్ వాళ్ల చేతికివ్వండి.